గార్డు గారి ఆకుపచ్చ జెండా

రైలు ఆగాక అందరూ దిగి, సామాన్లు సర్దుకుని, ఇళ్ళకు చేరుకునే వేళకు తాపీగా దిగే మనిషి ఒకడుంటాడు. అతనే చివరి పెట్టెలోని గార్డు. మన దర్జీకి రైల్వేతో ఏ సంబంధమూ లేదు. ఎక్కిన రైళ్ళు కూడా తక్కువే. అయినా వీధి వీధంతా అతన్ని "గార్డు గారూ" అనే పిలుస్తుంది.

ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు డ్రైవింగు స్కూలు మాస్టారు. రెండేళ్ళ కిందట మాస్టారు, దర్జీ, దర్జీ బావమరిది ముగ్గురూ కలిసి పది కిలోమీటర్ల పరుగు పందెంలో దిగారు. బావమరిది అంటే దర్జీ భార్యకు స్వయానా తమ్ముడు. మందుల షాపు నడుపుతాడు. ఒంట్లో ఏ చిన్న నలత వచ్చినా దానికో మాత్ర ఉందని గాఢంగా నమ్మే మనిషి. పందెం రోజున మాస్టారు ముందుగా వచ్చి, స్నానం చేసి, బట్టలు కూడా మార్చుకున్నారు. కాసేపటికి బావమరిది వచ్చాడు. దర్జీ మాత్రం అందరి వెనకా, అంబులెన్సుకి కూడా వెనకగా వచ్చాడు. దారిలో ఆ అంబులెన్సు డ్రైవరు విసుగెత్తి, తల బయటికి పెట్టి, "ఎక్కుతారా, లేకపోతే మమ్మల్ని వెళ్ళమంటారా?" అని మర్యాదగా అడిగాడు. వెళ్ళమన్నాడు దర్జీ.

మర్నాడు మాస్టారు షాపుకొచ్చి, కత్తిరింపు బల్ల మీద ఒక ఈల, ఒక ఆకుపచ్చ జెండా పెట్టారు. "గార్డు గారూ, ఇవి మీ డ్యూటీ సామాన్లు" అన్నారు. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ఆవిడ విననే విన్నది. సాయంత్రానికి వీధంతా పాకింది.

మొదట్లో దర్జీ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని తెలుసు. కానీ ఒకరోజు బళ్ళో టీచరమ్మ దర్జీ కూతురిని, "మీ నాన్నగారు రైల్వేలో గార్డటగా?" అని అడిగింది. నలుగురి ముందూ అసలు సంగతి చెప్పలేక, ఆ పిల్ల ఔనని తలూపి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే దర్జీకి ఆ పూట అన్నం సహించలేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో సగం మంది భుజాలకు కొలతలు తీసిన మనిషి, సొంత కూతురి నోట రైలెక్కి కూర్చున్నాడు. ఆ పేరు ఎలాగైనా వదిలించుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాడు.

అవకాశాన్ని కూడా మాస్టారే తెచ్చారు. "పెద్ద పందెం ఉంది. రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒకటి పరుగు. అన్నీ ఒకే రోజు, ఒకదాని వెనక ఒకటి. దిగుదామా?"

"మనిషన్నవాడు చేసే పనేనా అది?" అన్నాడు బావమరిది.

"మనలో చివరొచ్చినవాడికే గార్డు పేరు. జెండా, ఈలా వాడికే. ఆ తర్వాత జీవితాంతం మార్పుండదు" అన్నారు మాస్టారు.

దర్జీ గుడ్డ కత్తిరించడం ఆపి, "నేను రెడీ" అన్నాడు. కత్తెర చేతిలో ఉన్నవాడు అలా అంటే బావమరిది మాత్రం కాదంటాడా.

ఆరునెలల సాధన మొదలైంది. తెల్లవారగానే కొలనులో ఈత. దర్జీ ఎవరో మెడకు టేపు వేసి కొలుస్తున్నట్టు తల పైకెత్తుకుని ఈదేవాడు. మాస్టారు చక్కగా ఈదేవారు గానీ, గోడ దగ్గర వెనక్కి తిరిగే ముందు అలవాటుగా చెయ్యి చాపి సిగ్నలిచ్చేవారు. పక్క వరసలో ఈదే పెద్దావిడకు ఆ సిగ్నలు రెండుసార్లు చెంప మీద తగిలింది. మూడోసారి ఆవిడ కూడా తిరిగి ఒక సిగ్నలిచ్చింది.

సైకిళ్ళ మీద వెళ్ళినప్పుడు ఇంకో గొడవ. తెల్లవారుజామున కూడలిలో పురుగు కూడా ఉండదు. అయినా ఎర్రలైటు పడితే మాస్టారు ఠక్కున ఆగి, కాలు కింద పెట్టి నిలబడేవారు. వీళ్ళిద్దరూ దాటుకుని పోయేవారు.

"ఎవరూ లేరు కదండీ" అని దర్జీ ఒకసారి అడిగితే, "ఎవరూ చూడనప్పుడేనయ్యా రూలుకి పరీక్ష. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. నేనే దాటితే వాళ్ళేం దాటరు?" అన్నారు.

అలా ప్రతి లైటు దగ్గరా ఆగి కూడా ఆయనే ముందు ఇంటికి చేరేవారు. అందుకని మాస్టారిని ఓడించాలన్న ఆశ దర్జీ ఎప్పుడో వదులుకున్నాడు. ఓడించవలసింది బావమరిదినొక్కడినే. సైకిలు మీద భయం లేదు. ఇరవై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు. పరుగులో ఇద్దరూ ఇద్దరే. చిక్కంతా నీళ్ళలోనే వచ్చింది. నేల మీద బావమరిదికి బరువైన పొట్ట నీళ్ళలో పడవైపోయేది. దర్జీ సగం దూరం వెళ్ళేసరికి అతను గట్టెక్కి తల తుడుచుకుంటూ ఉండేవాడు.

ఈ బెంగతోనే ఒకరోజు దర్జీ బట్టలు జాడిస్తున్నాడు. బకెట్లో అటూ ఇటూ ఆడించేసరికి చొక్కా జేబు నీళ్ళు పట్టి బొద్దుగా ఉబ్బింది. చొక్కా బరువెక్కి చెయ్యి లాగింది. దర్జీ అక్కడే నిలబడి ఆ జేబు వంక చూస్తూ ఉండిపోయాడు. పాపం మంచివాడే. కానీ మంచివాళ్ళకు వచ్చే చెడ్డ ఆలోచనలు చాలా పకడ్బందీగా ఉంటాయి.

ముగ్గురి పందెం బట్టలూ అతనే కుడుతున్నాడు మరి. కొన్న బట్టలు వాళ్ళకు సరిపడలేదు. పొట్టకు సరిపోతే భుజాల దగ్గర వేలాడాయి, భుజాలకు సరిపోతే పొట్ట దగ్గర ఊపిరాడలేదు. ఈతకూ సైకిలుకూ పరుగుకూ ఒకటే డ్రెస్సు, ఒంటికి అతుక్కుని ఉండాలి. బావమరిది డ్రెస్సుకు మాత్రం దర్జీ వీపున ఒక జేబు కుట్టాడు. లోపల నీళ్ళు దిగిపోకుండా గొడుగు గుడ్డ వేశాడు. జేబు మూతి మెడ వైపుకు పెట్టి, అది ముడుచుకోకుండా కాలర్లలో వేసే బకరం పట్టీ కుట్టాడు. మనిషి నీళ్ళలో ముందుకు పోతుంటే మూతి తెరుచుకుని బకెట్టయి కూర్చుంటుంది. ఇంత శ్రద్ధగా పెళ్ళికొడుకు కోటు కూడా ఎప్పుడూ కుట్టలేదు.

షాపులో చేతికుట్లు, కాజాలు, బొత్తాలు భార్య పని. ఆవిడ డ్రెస్సు చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

"ఏవండీ, తమ్ముడికి ఈ జేబెందుకు?"

"సైకిలు మీద వాడికి ఆకలేస్తుంది కదా. ఏదైనా పెట్టుకుంటాడని."

"మరి గొడుగు గుడ్డెందుకు?"

"చెమట తగలకుండా."

ఆవిడ "ఊఁ" అని సూదిలోకి దారం ఎక్కించుకుంది. పెళ్ళయినవాళ్ళకు ఆ "ఊఁ" ఎంత ప్రమాదమో తెలుసు. దర్జీకి కూడా తెలుసు గానీ, ఆ రోజు అతని బుర్రంతా జేబులోనే ఉంది.

పందెం రోజు వచ్చింది. ఊరి బయట పెద్ద జలాశయం గట్టున జనం, గుడారాలు, వరసగా నిలబెట్టిన సైకిళ్ళు. గుడారంలో చీకటిగా ఉంది. భార్యే డ్రెస్సు పట్టుకుని దర్జీకి తొడిగి, వెనక జిప్పు లాగి, "జాగ్రత్తగా వెళ్ళండి" అని వీపు తట్టింది. అంత ఆప్యాయంగా ఆవిడ ఈమధ్య తట్టలేదు. దర్జీ పొంగిపోయాడు.

ఈల వేయగానే అందరూ నీళ్ళలోకి దూకారు. కొంచెం దూరం వెళ్ళాడో లేదో, దర్జీకి ఎవరో కాలరు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టనిపించింది. చేతులు ఎంత వేసినా గట్టు దగ్గరికి రాదు. చేసిన పాపం ఇలా బరువెక్కిందేమోనని కూడా అనుకున్నాడు. ఇక నీళ్ళలో మిగిలింది తనూ, నలుగురైదుగురు ముసలివాళ్ళూ అనుకుంటుండగా కాళ్ళకు నేల తగిలింది. లేచి నిలబడితే వీపు మీంచి జలజలా నీళ్ళు కారాయి.

గట్టు మీద బావమరిది కూలబడి దగ్గుతున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు దర్జీ, గొంతులో సంతోషం వినపడకుండా.

"ఏదో పట్టి లాగింది బావా నీళ్ళలో. చేపేమో."

"పెద్ద చేపే అయ్యుంటుంది. నువ్వు కాసేపు కూర్చో" అని దర్జీ సైకిలు వైపు పరుగెత్తాడు. జేబు పనిచేసింది. ఆ ఆనందంలో వీపున ఏదో గుచ్చుకుంటున్నా కుట్టు పట్టుకుందనుకున్నాడు.

సైకిలు మీద అతన్ని ఎవరూ పట్టలేకపోయారు. తల వంచి, రాత్రికి రాత్రి పెళ్ళిబట్టలు తయారుచెయ్యాలన్నట్టు తొక్కాడు. ఒక కూడలిలో జనం గుమిగూడి ఉన్నారు. ఎవరో సైకిలాయన కాలు కింద పెట్టి నిలబడితే నలుగురూ ఆయనకు ఏదో నచ్చచెబుతున్నారు. ఎవరి గోల వాళ్ళది అనుకుని దర్జీ తలెత్తకుండా సాగిపోయాడు. ఇకనుంచి బావమరిదిని గార్డు గారూ అని పిలవడం ఎలా ఉంటుందో రెండు మూడు రకాలుగా పైకే అని చూసుకున్నాడు.

పరుగులో కూడా చాలా దూరం బాగానే వచ్చాడు. ముగింపు గుడారం మీది రంగు గుడ్డలు కనబడే మలుపులో రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. అమ్మా అంటూ రోడ్డు అంచున కూలబడ్డాడు. కాళ్ళు చాపితే నొప్పి, ముడిస్తే ఇంకా నొప్పి. వెనక్కి తిరిగి చూస్తే బావమరిది పొట్ట ఊపుకుంటూ, తొందరేమీ లేనట్టు వస్తున్నాడు. దర్జీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావమరిది దాటి పోలేదు. వచ్చి పక్కనే కూర్చున్నాడు. వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆ జేబులోంచే ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటి, చిన్న ఉప్పు పొట్లం తీశాడు.

"తిను బావా. ఉప్పు తగ్గితే పిక్కలు పడతాయి. జేబు కుట్టి మంచిపని చేశావు. నా ఆకలి సంగతి నీకు తప్ప ఎవరికీ గుర్తుండదు."

దర్జీ దుంప కొరికాడు. తన జన్మలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కాస్త నమిలి, మింగి, నేల చూస్తూ అన్నాడు. "ఒరేయ్, ఆ జేబు నీ ఆకలికి కుట్టింది కాదు. నీళ్ళు పట్టడానికి కుట్టాను. నువ్వు వెనకబడాలని."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అక్క ఆ రోజే చెప్పింది. జేబు అడుగు విప్పేసి, ప్రెస్ బొత్తాలు పెట్టింది. నీళ్ళు ఇటొచ్చి అటు పోయాయి. గట్టెక్కాక బొత్తాలు నొక్కుకుని దుంపలు పెట్టుకున్నాను."

"మరి ఆ దగ్గూ, చేపా?"

"నీ మొహం చూడకుండా వెళ్ళబుద్ధి కాలేదు బావా. చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. నీ వీపు కూడా ఒకసారి తడుముకో."

దర్జీ వీపు వెనక్కి చెయ్యి పెట్టాడు. గొడుగు గుడ్డ తగిలింది. బకరం పట్టీ తగిలింది. సన్నటి, దగ్గర దగ్గర చేతికుట్టు. ఆ కుట్టు ఎవరిదో చీకట్లో తడిమినా చెప్పగలడు. జలాశయంలో బకెట్టు మోసింది తనొక్కడే. జేబు అడుగున, ప్లాస్టిక్ సంచిలో మడిచిన గుడ్డ ఏదో ఉంది. లాగి చూస్తే ఆకుపచ్చ జెండా.

ఇద్దరూ ఆ జెండా వంక చూశారు. ముందు బావమరిది నవ్వాడు. తర్వాత దర్జీకి కూడా ఆగలేదు. పిక్కలు పట్టేసినవాడు నవ్వితే ఎంత నొప్పో పడితేనే తెలుస్తుంది.

"నువ్వు పోరా. ఈ పేరు నాదే. ఇవాళ న్యాయంగా కూడా నాదే" అన్నాడు దర్జీ కళ్ళు తుడుచుకుంటూ.

"పోక నీ మీద జాలిపడతానా? అక్క ఇంట్లోకి రానివ్వదు" అని బావమరిది లేచాడు. రెండో దుంప బావ ఒళ్ళో పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

దర్జీ దుంప తిని, రాయి ఆసరాగా లేచి, కుంటుకుంటూ బయలుదేరాడు. గుండెలో బరువు లేదు. వింతగా ఉందనిపించింది. ముగింపు గీత దగ్గర భార్యా కూతురూ నిలబడి ఉన్నారు. దాటబోతూ జెండా విప్పి, తనే తనకు ఊపుకున్నాడు. కూతురు ఈల తెచ్చింది. ఊపిరంతా పెట్టి ఊదింది. జనం చప్పట్లు కొట్టారు.

"జేబు బాగా కుట్టానా?" అంది భార్య.

"కుట్టు సన్నగా ఉంది. తొడిగినప్పుడు తెలియనే లేదు."

"మీ దగ్గర నేర్చుకున్నదే కదా" అందావిడ. అని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అది శిక్షో క్షమో అడిగే ధైర్యం దర్జీకి లేకపోయింది.

అప్పుడు బావమరిది చుట్టూ చూసి, "మాస్టారేరీ?" అన్నాడు.

ఎప్పుడో వచ్చేసి స్నానం కూడా చేసి ఉంటారని ఇద్దరూ అనుకున్నారు. కానీ వచ్చినవాళ్ళ పేర్లలో ఆయన పేరు లేదు. గుడారాలు పీకుతున్నారు, కుర్చీలు సర్దుతున్నారు. పొద్దు వాలుతుండగా మలుపులోంచి ఒక్కడే మనిషి, వీపు నిటారుగా, రోడ్డుకి ఎడమ పక్కనే పరుగెత్తుకుంటూ కనిపించాడు. మాస్టారే.

సరిగ్గా అదే సమయానికి సామాన్ల లారీ ఒకటి వెనక్కి వచ్చి దారికి అడ్డం తిరిగింది. లారీ వెనకాల నడుస్తున్నాయన చెయ్యి పైకెత్తి, ఆగమన్నాడు. మాస్టారు ఆగారు. లారీ తిరిగి వెళ్ళిపోయింది. చెయ్యెత్తిన ఆయన కూడా దాంతోపాటే వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం గీతకు అల్లంత దూరంలో అలాగే నిలబడ్డారు.

"రండి మాస్టారూ, ఏముంది, వచ్చేయండి" అని బావమరిది కేకేశాడు.

"ఆగమన్నాడు. రమ్మనలేదు" అన్నారు మాస్టారు. ఒళ్ళంతా వణుకుతోంది. పెదాలు ఎండిపోయాయి. "పొద్దున కూడా ఇదే. కూడలిలో లైటు ఎర్రగానే ఉండిపోయింది. రోడ్డు మనకోసమే మూశారని అందరూ చెప్పారు. కానీ పేవ్‌మెంటు మీద నా స్టూడెంటు నిలబడి ఉంది. రేపే ఆ అమ్మాయికి లైసెన్సు పరీక్ష. ఎలా దాటను? కానిస్టేబులు వచ్చి లైటు మార్చేదాకా నిలబడ్డాను."

దర్జీకి కూడలిలో తను తలెత్తకుండా దాటిన మనిషి గుర్తొచ్చాడు. బావమరిది కూడా ఆ గుంపులో ఎవరున్నారో చూడకుండానే దాటి వచ్చాడు. పేరు వదిలిపోయిందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. చివర తను కాదు. ఆర్నెల్లుగా కోరుకున్నది చేతికందింది. అయితే అతను ఎగిరి గంతెయ్యలేదు. మాస్టారు అక్కడ అలా నిలబడి ఉంటే గంతెయ్యబుద్ధి కాలేదు. కూతురి చేతిలో ఈల అందుకుని, కుంటుకుంటూ గీత మీదికి వెళ్ళి, పొడుగ్గా ఊది, జెండా పైకెత్తి ఊపాడు.

"లైను క్లియరు మాస్టారూ. రండి."

పచ్చరంగు చూసి మాస్టారు కదిలారు. ముందు కుడిపక్కా, తర్వాత ఎడమపక్కా చూసుకుని గీత దాటారు. దాటి దర్జీ భుజం మీద వాలిపోయారు. ఇద్దరూ కలిసి కింద పడ్డారు. బావమరిది మాత్రలు వెతుక్కుంటూ పరుగెత్తాడు.

మర్నాడు షాపు తెరిచే వేళకే మాస్టారు గోడ పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చారు. బావమరిది అప్పటికే లోపల బల్ల మీద కాళ్ళు చాపుకుని పడున్నాడు. భార్య ఒక మూల కాజాలు కుడుతోంది. దర్జీ మిషను తొక్కుతున్నాడు. ఒక్కొక్క తొక్కుడుకీ ముఖం అష్టవంకర్లు పోతోంది.

"రూలు రూలే. నేనే పెట్టాను. జెండా, ఈలా ఇవ్వండి. ఇకనుంచి గార్డుని నేను" అన్నారు మాస్టారు, కుర్చీలో మెల్లిగా కూర్చుంటూ.

జెండా దర్జీ వెనక గోడకు తగిలించి ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, అంచు పీకిపోయిన చోట కొత్తగా మడిచి కుట్టి ఉంది. దర్జీ దానివైపు చూడలేదు. తొక్కడం కూడా ఆపలేదు.

ఇంతలో వాకిట్లోంచి ఒకాయన తొంగి చూసి, "గార్డు గారూ, నా ప్యాంటు అయిందా?" అన్నాడు.

ఒప్పందం ఒప్పందమే కదా. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని, పళ్ళు బిగించి, లేవబోయారు.

"మీరు కూర్చోండి మాస్టారూ" అన్నాడు దర్జీ. "పిలిచింది నన్ను."